బి తరఫు వాదన

ఆగస్టు 5, సోమవారం

ఈరోజు ఒక మనిషి నిర్దోషి అని కోర్టు చెప్పింది. నాకు నచ్చలేదు.

ఈ ముక్క రాసేస్తే మిగతాది సులువవుతుందనుకున్నాను. అవలేదు. పెన్ను మూత తీయడం, పెట్టడం, మళ్ళీ తీయడం. పక్క గదిలోంచి అక్క, ఏంటే ఆ టకటక, బల్లి గాని దూరిందా అని అరిచింది.

సాయంత్రం క్లాసులో బోర్డు మీద మూడు వాక్యాలు రాశాను. రుజువయ్యేదాకా ప్రతి మనిషీ నిర్దోషే. ఇరుపక్షాలూ వినకుండా తీర్పు చెప్పకూడదు. ఎవరి కేసుకి వాళ్ళే జడ్జి కాకూడదు. లా కాలేజీలో లెక్చరర్‌గా చేరినప్పటి నుంచి ఏటా ఈ పాఠంతోనే మొదలుపెడుతున్నాను. చట్టాలు మారతాయి, సెక్షన్లు మారతాయి, ఇవి మారవు అంటాను. ఏటా వేసే జోకు కూడా వేశాను, మీ ఇళ్ళల్లో ఈ మూడూ అమల్లో లేకపోతే వచ్చి నన్ను అడగొద్దని. పగలంతా ఉద్యోగాలు చేసుకుని ఈవెనింగ్ కాలేజీకి వచ్చేవాళ్ళు. అంత అలసటలోనూ, పాపం, నవ్వారు.

బోర్డు తుడుస్తుంటే ఫోన్ మోగింది. పిల్లల సంక్షేమ కమిటీలో కౌన్సెలర్. మేడం, మీ దగ్గరున్న పాప వాళ్ళమ్మ మీద కేసు కొట్టేశారండీ, రేపే విడుదల అంది. గొంతులో సంతోషం. ఉండాల్సిందే.

చాలా మంచిదండీ అన్నాను. ఆ తర్వాత ఏం అన్నానో గుర్తులేదు. బోర్డు సగమే తుడిచి ఇంటికొచ్చేశాను.

ఆగస్టు 6, ఉదయం ఆరు

పిల్ల ఇంకా లేవలేదు. లేచేలోగా నాలుగు ముక్కలు.

జడ్జమ్మ అని పేరు పెట్టింది అక్క. మా ఇంటికి వచ్చేనాటికి దానికి ఏడాదిన్నర. మాటలు సరిగ్గా రావు. అయినా వచ్చిన గంటలోనే మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, వేలు చూపించి తీర్పులిచ్చేసింది. ఆ కుర్చీ నాది. గుడ్డు వద్దు. దీపం ఆర్పకూడదు. అప్పీల్ లేదు. ఇప్పుడు నాలుగేళ్ళు. తీర్పులు పెద్దవయ్యాయి, కారణాలు కూడా చెబుతుంది.

దాని తల్లి ఒక పెద్దాయన ఇంట్లో ఆయాగా ఉండేది. ఆయన నిద్రలో పోయాడు. నిద్రమాత్రలు ఎక్కువ వేసి చంపిందని బంధువులు కేసు పెట్టారు. భర్త లేడు, పూచీ ఉండేవాళ్ళూ లేక బెయిల్ రాలేదు. బిడ్డని కొన్నాళ్ళు పెంచమని కమిటీ మాకు అప్పగించింది. ఫాస్టర్ కేర్ అంటే అద్దె ఇల్లు లాంటిదండీ, సొంతం అనుకోకూడదు అని కౌన్సెలర్ ముందే చెప్పింది. అమ్మ అని పిలిపించుకోవద్దంది. అందుకే నేను పిన్నిని. అక్క పెద్దమ్మ. అమ్మ పోస్టు ఖాళీగా ఉంచాం.

అద్దె ఇంటి గోడలకి మేకులు కొట్టకూడదు. నేను కనపడ్డచోటల్లా కొట్టాను.

పిల్ల నిద్రపోవాలంటే నా ఎడమ చెవి కావాలి. తమ్మె పట్టుకుని పైనుంచి కిందికి తడుముతుంది. మధ్యలో ఆగి బొటనవేలి గోరుతో నొక్కుతుంది, కాస్త గట్టిగానే. ఒక్కోసారి విసుగ్గా చప్పరిస్తుంది, అక్కడ ఉండాల్సిందేదో లేనట్టు. తర్వాత సర్దుకుని పడుకుంటుంది. దానికోసం దుద్దులు పెట్టుకోవడం మానేశాను. తమ్మె మీద చిన్న గాటు పడింది. ఎవరైనా అడిగితే గర్వంగా చూపిస్తాను.

లేచింది. పాలు.

ఆగస్టు 9, శుక్రవారం

ప్లీడరు వచ్చాడు. ఒకప్పుడు నా స్టూడెంట్. ఇప్పుడు కోటు బాగా కుదిరింది. వాళ్ళింట్లో అందరి కోట్లూ కుట్టేది అక్కే కాబట్టి ముందు భుజాలు కొలుచుకుని తర్వాతే మాట్లాడనిచ్చింది.

అతను తీర్పు కాపీ పూర్తిగా చదివి వచ్చాడు. మేడం, రుజువు చాలక బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద వదిలేశారు అంతే, ఆవిడ కడిగిన ముత్యమని ఎవరూ అనలేదు అన్నాడు. సెప్టెంబర్‌లో కమిటీ హియరింగ్ ఉంటుందట. పిల్లకి మీరే లోకం, బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యం, ఆ పాయింట్ మీద కొడదాం, గెలుస్తాం మేడం అన్నాడు.

బెనిఫిట్ ఆఫ్ డౌట్ అయినా ఏదైనా నిర్దోషి అంటే నిర్దోషే, అందులో నంబర్ వన్ నిర్దోషి, నంబర్ టూ నిర్దోషి ఉండరు అని ఇదే కుర్రాడి క్లాసులో బల్ల గుద్ది చెప్పాను. అతనికి గుర్తుందో లేదో. నాకు గుర్తుంది. గుర్తుండి కూడా, అలాగే కొడదాం అన్నాను.

కడిగిన ముత్యం కాదు. ఆ మాట మధ్యాహ్నమంతా నోట్లో బిళ్ళలా చప్పరించాను.

అతను వెళ్ళాక అక్క కుట్టు మిషన్ ఆపకుండానే అడిగింది. ఏమే, ఆ మనిషి నిజంగా చంపి ఉంటే బాగుండుననుకుంటున్నావు కదూ అని. కుండ బద్దలు కొట్టడంలో మా అక్క తర్వాతే ఎవరైనా. నేను ప్లీడరు తాగిన కాఫీ గ్లాసు తీశాను. నేనూ అదే అనుకుంటున్నానే, దేవుడు క్షమించాలి అని దారం కొరికింది.

ఆగస్టు 12, సోమవారం

ఏటా ఈ నెలలో మూట్ కోర్ట్ పెడతాం. అంటే ఉత్తుత్తి కోర్టు. నేను ఒక కేసు కల్పించి రాస్తాను. చీటీలు తీసి, ఎవరికి ఏ పక్షం వస్తే వాళ్ళు అటు వాదించాలి. ఇష్టాయిష్టాలు కుదరవు. ప్రాబ్లంలో రాసిందే లోకం, రాయనిది లేనట్టే. తీర్పు, మార్కులు రెండూ నావే.

ఈసారి స్టాఫ్ రూమ్‌లో కూర్చుని అయిదు నిమిషాల్లో రాసేశాను. ఎ అనే స్త్రీ, సి అనే బిడ్డని రెండున్నరేళ్ళుగా పెంచుతోంది. బిడ్డ పసితనంలోనే తల్లి బి ఒక మనిషి మరణానికి సంబంధించిన కేసులో జైలుకి వెళ్ళింది. సి కి బి గుర్తులేదు. ఇప్పుడు బి తన బిడ్డని ఇమ్మంటోంది. ఎవరికి ఇవ్వాలి?

ఎందుకు రాశానంటే, తెలిసే రాశాను. ఎవరో ఒకరు ఎ కే ఇవ్వాలి అని గట్టిగా అంటుంటే వినాలని ఉంది. ఉత్తుత్తి కోర్టులోనైనా సరే.

ఎ పక్షం బ్యాంకు గుమాస్తాకి వచ్చింది. చక్కగా చదివే కుర్రాడు, రెండు రంగుల పెన్నులతో నోట్స్ రాస్తాడు. బి పక్షం కండక్టరమ్మకి వచ్చింది. తెల్లవారుజామున బస్సు ఎక్కి, సాయంత్రం దిగి, తిన్నగా నా క్లాసుకి వచ్చి, చివరి బెంచీలో నిద్రపోతుంది. చీటీ చూసి ఆవులించింది. నాకు ప్రాణం కుదుటపడింది.

ఆగస్టు 14, బుధవారం

మొదటి విజిట్. కౌన్సెలర్ గదిలో తల్లీ బిడ్డా, బయట బల్ల మీద నేను.

ఆమెని మొదటిసారి చూశాను. ముప్పై కూడా ఉండవు. బాగా సన్నం. చెవుల మీదుగా జుట్టు వదులుగా వేసుకుని, తల దించుకుని వచ్చింది. నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను.

తలుపు సగం తెరిచే ఉంది. ఆమె పిలిచింది. పిల్ల రాలేదు. బొమ్మ చూపించింది. పిల్ల బొమ్మ తీసుకుని బయటికి వచ్చి, నా ఒళ్ళో ఎక్కి, ఆంటీ ఎవరు పిన్నీ, ఏడుస్తోంది అంది. కౌన్సెలర్ ఏదో రాసుకుంది.

నాకు లోపల పాలు పొంగినట్టయింది. ఇది రాస్తుంటే చెయ్యి సిగ్గుపడుతోంది గాని అబద్ధం రాయలేను. ఒక తల్లిని కన్నబిడ్డ ఆంటీ అంటే నేను సంతోషించాను. తిరిగి వచ్చేటప్పుడు దానికి ఐస్‌క్రీమ్ కూడా కొనిపెట్టాను.

ఆగస్టు 19, సోమవారం

కండక్టరమ్మ నిద్ర లేచింది.

క్లాసు మధ్యలో చెయ్యెత్తి, మేడం, నాకు వాదించడానికి ఏమీ దొరకడం లేదు, ఈ బి సంగతేంటో మీరు రాయలేదు అంది. ఏం రాయలేదన్నాను. జైలుకెళ్ళింది అని రాశారు, తర్వాత ఏమైంది మేడం? శిక్ష పూర్తయి వచ్చిందా, బెయిల్ మీద వచ్చిందా, తప్పు చేయలేదని వదిలేశారా? బస్సులో టికెట్ లేనివాడినైనా ఏమైందిరా అని ఒక మాట అడుగుతాం కదా అంది. క్లాసు నవ్వింది. ఆమెకి ఇందులో గొప్ప ఆలోచనేమీ లేదు. చదవకుండా గట్టెక్కడానికి ప్రాబ్లంలో బొక్క వెతికింది, అంతే.

నేను కాగితం తీసి చూశాను. నిజమే. రాయలేదు. రాయకూడదని అనుకోలేదు కూడా. ఒట్టు. చెయ్యి దానంతటదే ఆ వాక్యం దాటి వెళ్ళిపోయింది. ప్రాబ్లం రాయడంలో మొదటి పాఠం అన్ని ఫ్యాక్ట్స్ ఇవ్వడం అని నేర్పేదాన్ని, అసలైన ఫ్యాక్టే మింగేశాను.

చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద రాశాను. బి ని కోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. ఒక క్షణం ఆగి, బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద, అని ముందు ఇరికించాను. కండక్టరమ్మ మళ్ళీ చెయ్యెత్తింది. అంటే సగం నిర్దోషా మేడం, హాఫ్ టికెట్ లాగా అంది.

కాదు, ఫుల్ టికెట్టే అన్నాను. ఇరికించింది తుడిచేశాను. తేలు కుట్టిన దొంగలా అటెండెన్స్ తీసుకున్నాను.

మనకి నచ్చినవాళ్ళ కోసమైతే సూత్రాలు అక్కర్లేదు. వాళ్ళని ఎలాగూ నమ్ముతాం. నచ్చనివాళ్ళ కోసమే ఎవరో కూర్చుని ఇవన్నీ ఏర్పాటు చేశారు. ఇన్నేళ్ళు పాఠం చెప్పి ఇవాళ ఇంటికొచ్చే బస్సులో ఈ సంగతి తట్టింది. నా స్టాప్ దాటి వెళ్ళిపోయాను.

ఆగస్టు 20, మంగళవారం

నిద్రలో అమ్మా అని పిలిచింది. నన్నేనా?

ఆగస్టు 28, బుధవారం

రెండో విజిట్. కౌన్సెలర్‌కి వేరే పని తగిలి ఆలస్యమైంది. కరెంటు లేదు. వరండాలో బల్ల మీద ఆమె ఒక చివర, నేను ఒక చివర. పిల్ల కింద కూర్చుని బొమ్మకి ఏదో శిక్ష వేస్తోంది.

ఇరుపక్షాలూ వినాలి కదా. ఎలా ఉన్నారండీ అని అడిగాను.

ఆమె పిల్ల వైపు చూసింది. అక్కా, రాత్రిళ్ళు పాలు తాగుతుందా అని అడిగింది. తాగుతుందన్నాను. ఉరిమితే భయపడుతుందా? పడదు, ఉరుముని తిడుతుంది అన్నాను. జ్వరం వస్తే మందు మింగుతుందా, ఉమ్మేస్తుందా? గుడ్డు ఇంకా తినదా? ఆమె ఎంతకాలం నుంచో ఈ ప్రశ్నలు వరసగా పేర్చుకుని ఉంచుకుంది. ఒకటి చెప్పగానే ఇంకోటి. జైలు గురించి ఒక్క ముక్క లేదు. నా మీద నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. కోపం తెచ్చుకోవడానికి నాకు చిన్న సాకైనా కావాలి.

ఉక్కపోత. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె జుట్టంతా పైకి తీసి ముడి వేసుకుంది.

ఎడమ చెవి తమ్మె తెగి ఉంది. కింది నుంచి మధ్య దాకా నిలువునా చీలి, రెండు చిన్న రేకులై వేలాడుతోంది.

ఏమైందని అడిగాను. ఆమె మొదటిసారి నవ్వింది. ఇదిగో, ఈ దొంగపిల్ల పనే అక్కా, ఆరు నెలలప్పుడు దుద్దు పట్టుకుని ఒక్క లాగు లాగింది, నెత్తురు బొటబొటా కారింది అంది. మానాక ఇది దానికి ఆటైపోయిందట. ఆ రెండు ముక్కల మధ్య వేలు పెట్టి, తెరుస్తూ మూస్తూ నిద్రపోయేదట. జైల్లో అందరూ చెవి తెగినదానా అని పిలుస్తుంటే సిగ్గేసి జుట్టు కప్పుకోవడం అలవాటైందట.

నా చెయ్యి నా చెవి మీదకి వెళ్ళింది. దించేశాను. ఆమె చూడలేదు.

ఆగస్టు 29, ఉదయం

రాత్రి పిల్ల ఎప్పటిలాగే తడిమింది. పైనుంచి కిందికి. మధ్యలో ఆగింది. గోరుతో నొక్కింది.

ఇన్నాళ్ళూ అది నా చెవి పట్టుకుందనుకున్నాను. అది నా చెవి కాదు పట్టుకుంది. చీలిక వెతుక్కుంది. రోజూ వెతుక్కుని, దొరకక, సరేలే అని సర్దుకుని పడుకుంది. నేను ఆ సర్దుబాటుని చూసి మురిసిపోయాను.

ముఖం గుర్తులేదు, గొంతు గుర్తులేదు. వేళ్ళకి గుర్తుంది.

ఈ సంగతి లోకంలో నాకొక్కదానికే తెలుసు. ఆమెకి తెలీదు. కౌన్సెలర్‌కి తెలీదు. అక్కకి చెప్పలేదు. చెప్పకపోతే ఎవరు అడుగుతారు?

సెప్టెంబర్ 2, సోమవారం

మూట్ కోర్ట్ అయింది. బల్లకి అటువైపు పెద్ద కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. కూర్చోబోతూ ఒక్క క్షణం ఆగాను. ఎవరి కేసుకి వాళ్ళే జడ్జి కాకూడదు. కానీ లేచిపోతే కారణం చెప్పాలి. కూర్చున్నాను.

బ్యాంకు గుమాస్తా అద్భుతంగా వాదించాడు. బిడ్డ బహుమతి కాదు, గెలిచినవాళ్ళకి ఇవ్వడానికి, అన్నాడు. బి కి అన్యాయం జరిగింది నిజమే, కానీ ఆ అన్యాయం బాకీ బిడ్డ చేత తీర్పించకూడదు అన్నాడు. లేచి కౌగిలించుకోవాలనిపించింది. నేను వినాలనుకున్నదంతా విన్నాను. విని సుఖపడలేదు.

కండక్టరమ్మ యూనిఫాంతోనే వచ్చింది. కాగితం లేదు. బి చేసిన తప్పేంటో నాకు ఎవరూ చెప్పలేదు, లేదు కాబట్టే చెప్పలేదు అంది. తప్పు లేకుండానే ఇన్నేళ్ళు లోపల ఉంది, దాన్ని శిక్ష అనకూడదు, రిమాండ్ అనాలి అని మేడమే చెప్పారు, సరే, కానీ ఇప్పుడు బిడ్డని కూడా ఇవ్వకపోతే దాన్ని ఏమనాలో ఆ మాట కూడా మేడమే చెప్పాలి అంది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. కూర్చోబోతూ, అయినా అందరూ మాట్లాడేస్తున్నారు గాని ఇందులో సి ఏమంటోందో ఎవరైనా అడిగారా అంది.

గుమాస్తా వెంటనే లేచాడు. సి కి బి గుర్తులేదని ప్రాబ్లంలోనే ఉంది మేడం, మూడో వాక్యం అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. ఆ మూడో వాక్యం రాసింది నేను.

తీర్పు తర్వాత చెబుతానని రిజర్వ్ చేశాను. మూట్‌లో తీర్పు రిజర్వ్ చేయడం ఈ కాలేజీలో ఎప్పుడూ లేదు. మార్కులైనా చెప్పండి మేడం అని వెంటపడ్డారు.

సెప్టెంబర్ 6, శుక్రవారం

కౌన్సెలర్ రిపోర్టు వచ్చింది. ప్లీడరు ఫోన్‌లో చదివి వినిపించాడు. బిడ్డకు కన్నతల్లి జ్ఞాపకం ఏమాత్రం లేదు. ఇంకేం కావాలి మేడం, ఆ ఒక్క లైను చాలు అన్నాడు. అతని ఉత్సాహం వింటే ముచ్చటేసింది. నిజానికి అది ప్రాబ్లంలో నేను రాసిన వాక్యమే.

సాయంత్రం అక్క బీరువాలో ఏదో దాస్తుంటే పట్టుకున్నాను. గౌన్లు. అయిదేళ్ళ సైజు, ఆరేళ్ళ సైజు, ఒకటి ఎనిమిదేళ్ళది. మిగిలిన ముక్కలతో కుట్టానే, ఊరికే పోతాయని అంది. మిగిలిన ముక్కలకి అంచులు వేసి గుండీలు కూడా పెట్టింది. ఇద్దరం బీరువా తలుపు పట్టుకుని కాసేపు ఏడ్చాం. జడ్జమ్మ వచ్చి, ఏడవకూడదు, ముక్కు కారుతుంది అని ఆర్డర్ వేసింది.

నాకు ఈ పిల్ల కావాలి. ఎనిమిదేళ్ళ గౌనులో చూడాలి. పళ్ళూడిన నోటితో చూడాలి. నా మీద విసుక్కునే వయసులో చూడాలి. దేవుడా, నాకు కావాలి.

సెప్టెంబర్ 11, బుధవారం

హియరింగ్. పొడుగాటి బల్ల, అటు ముగ్గురు, ఇటు మేం. ఛైర్‌పర్సన్ పెద్దావిడ, ముక్కు మీద కళ్ళజోడు. ఆమె ఆ చివర ఒంటరిగా, జుట్టు చెవుల మీదికి వేసుకుని కూర్చుంది. లాయర్ లేడు.

ప్లీడరు బాగా మాట్లాడాడు. బెనిఫిట్ ఆఫ్ డౌట్ అనబోతుంటే చెయ్యి నొక్కి ఆపాను. ఆ ఒక్క మాట వద్దు అన్నాను. మిగతాదంతా చెప్పనిచ్చాను. అన్నీ నిజాలే. బడి, ఆరోగ్యం, అలవాట్లు, అక్క, నేను.

ఛైర్‌పర్సన్ రిపోర్టు తిప్పి నన్ను చూసింది. మీరు చెప్పండమ్మా, రోజూ చూసేది మీరు, పాపకి వాళ్ళమ్మ జ్ఞాపకం బొత్తిగా లేదా అని అడిగింది.

లేదు అంటే అబద్ధం కూడా కాదు. పేరు గుర్తులేదు. ముఖం గుర్తులేదు. ఆంటీ అంది, అందరూ విన్నారు. నాకు తెలీదండీ అన్నా చాలు. నేను జడ్జిని కాదు ఇక్కడ. ఆ సంగతి తట్టగానే ఊపిరి వచ్చినట్టయింది. తీర్పు నా నెత్తి మీద లేదు. నేను సాక్షిని. సాక్షికి ఒక్కటే పని, తెలిసింది చెప్పడం.

ఉందండీ అన్నాను.

బల్ల కింద ప్లీడరు బూటు నా కాలు తొక్కింది. నేను చెవి సంగతి మొదలుపెట్టాను. ఎక్కడ పట్టుకుంటుందో, ఎలా తడుముతుందో, మధ్యలో ఎక్కడ ఆగుతుందో, ఎందుకు చప్పరిస్తుందో. నా తమ్మె మీది గాటు చూపించాను. తర్వాత, ఆవిణ్ణి ఒకసారి జుట్టు పక్కకి తీయమనండి అన్నాను.

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక జుట్టు తీయలేదు. రెండు చేతులతో ఆ చెవిని మూసుకుని బల్ల మీదికి వంగిపోయింది. ఎవరో నీళ్ళు తెమ్మన్నారు. కాసేపటికి తనే తల ఎత్తి, జుట్టు వెనక్కి తోసి, చూపించింది. ఛైర్‌పర్సన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

బయటికి వచ్చాక ప్లీడరు, ఎందుకు చెప్పారు మేడం అన్నాడు. కోపం కాదు, పాపం, నిజంగా తెలీక అడిగాడు. అడిగారు కాబట్టి అన్నాను.

సెప్టెంబర్ 12, గురువారం

ఆమెకే ఇచ్చారు.

సెప్టెంబర్ 15, ఆదివారం

కొన్ని రోజులు అలవాటు చేసి పంపమన్నారు. ఆమె ఇవాళ మా ఇంటికి వచ్చింది. అక్క మొదట ముభావంగా ఉండి, తర్వాత ఆమె జాకెట్ భుజం జారుతోందని విప్పించి రెండు కుట్లు వేసింది. దాంతో మాటలు కలిశాయి. వరస ప్రకారం మీరు నాకంటే పెద్ద, కాబట్టి దానికి మీరు కూడా పెద్దమ్మే కావాలి అక్కా అంది ఆమె. పిన్నే ఉండనీ, వయసు తగ్గుతుంది అన్నాను.

మధ్యాహ్నం జడ్జమ్మకి నిద్రొచ్చింది. నా మంచం మీద, నా చోట్లో ఆమెని పడుకోమన్నాను. నేను గుమ్మంలో నుంచున్నాను.

పిల్ల మొదట మొండికేసింది. తర్వాత అలవాటుగా చెయ్యి పెట్టింది. పైనుంచి కిందికి. మధ్యలోకి రాగానే చెయ్యి ఆగింది. కళ్ళు పెద్దవి చేసింది. వేలు ఆ చీలికలోకి వెళ్ళింది. తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. చప్పరించలేదు. ఆమె ఊపిరి బిగపట్టి గోడ వైపు చూస్తూ ఉంది. పిల్ల ఇంత తొందరగా నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

లేచాక నా దగ్గరికి వచ్చి, నీ చెవి సరిగ్గా లేదు పిన్నీ అంది. తీర్పు. కారణం కూడా చెప్పింది, తలుపు లేదట.

సెప్టెంబర్ 21, శనివారం

వెళ్ళారు. ఆమె చనిపోయిన అమ్మమ్మ ఊరట, రైల్లో చాలా దూరం. అక్కడ ఆసుపత్రి లాండ్రీలో పని దొరికిందట. అక్క గౌన్లన్నీ మూట కట్టి ఇచ్చింది. ఎనిమిదేళ్ళది ముందు ఇవ్వనంది. తర్వాత మెట్లు దిగి పరిగెత్తి ఇచ్చి వచ్చింది.

జడ్జమ్మ ఏడవలేదు. కుర్చీలో ఎవరూ కూర్చోకూడదని చెప్పి వెళ్ళింది.

సెప్టెంబర్ 23, సోమవారం

మూట్ తీర్పు చదివాను. ముందు ప్రాబ్లంలో మూడో వాక్యం తప్పని, రాసినవాళ్ళు తెలిసి కూడా సమయానికి సరిదిద్దలేదని చెప్పి, కొట్టేశాను. బిడ్డని బి కి ఇవ్వాలి. ఖర్చులు ఎవరివి వాళ్ళే భరించుకోవాలి. ప్రతి తీర్పు చివరా ఉండే మాటే. అది చదివి ఆగాను. మంచినీళ్ళు తాగాను.

గుమాస్తా లేచి, నా వాదనలో తప్పేంటి మేడం అని అడిగాడు. తప్పేమీ లేదు బాబూ, నువ్వు చెప్పిన ప్రతి మాటా నిజం, అయినా ఓడిపోయావు, అలా కూడా ఉంటుంది అన్నాను. అందరికన్నా ఎక్కువ మార్కులు అతనికే వేశాను. కండక్టరమ్మ చివరి బెంచీలో నిద్రపోతోంది. గెలిచిందని ఎవరైనా లేపి చెప్పండి అన్నాను.

అక్టోబర్ 6, ఆదివారం

చెవి మీద గాటు మానిపోతోంది. మధ్యాహ్నం నా గోరుతో నేనే నొక్కుకున్నాను.